ప్రశ్న, పృచ్ఛకుడు, తీర్పు: కృష్ణాతీరపు అవధాన సభల నుండి టెలివిజన్ ప్రశ్నల పోటీ దాకా

2021 నవంబరులో జెమిని టెలివిజన్‌లో ప్రసారమైన 'ఎవరు మీలో కోటీశ్వరులు' కార్యక్రమంలో కొత్తగూడేనికి చెందిన ఒక పోలీసు సబ్‌ఇన్‌స్పెక్టరు చివరి ప్రశ్నను చేరుకున్నాడు. ఆ ప్రశ్నకు సరైన సమాధానం కోటి రూపాయలు. అప్పటిదాకా గెలిచిన సొమ్ముతో లేచి వెళ్లిపోయే వీలుంది. తప్పు చెబితే అందులో చాలా భాగం పోతుంది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టానికి దారితీసిన కమిషన్‌కు ఎవరు అధ్యక్షత వహించారన్నది ప్రశ్న. ఫజల్ అలీ అన్న సమాధానంతో అతడు కోటి గెలిచాడు. తెలుగులో ఈ తరహా పోటీ 2014 జూన్‌లో మా టెలివిజన్‌లో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' పేరుతో మొదలైంది. అంటే తెలుగు ప్రేక్షకుడు ఏడేళ్లుగా ఎరిగిన పోటీ ఇది. పోటీదారు ఎదుట మరో పోటీదారు లేకపోయినా ఇంత హోరాహోరీగా తోచడానికి కారణం ప్రశ్నకూ మనిషి జ్ఞాపకానికీ నడుమ జరిగే పెనుగులాటే. ఆ పెనుగులాట తెలుగువారికి కొత్త కాదు. బెజవాడ, బందరు, గుంటూరు ప్రాంతాలలో వంద సంవత్సరాలకు ముందే జనం గుమిగూడి చూసిన వినోదం అది. దాని పేరు అవధానం.

ఈ రెండింటి పోలిక పైపైన చూస్తే తేలికగానే కనిపిస్తుంది. వేదిక మీద ఒక వ్యక్తి, అతనికి ప్రశ్నలు, చుట్టూ జనం, చివర సత్కారం. అయితే ఈ పోలికను అంతటితో వదిలేస్తే అవధానాన్ని 'ప్రాచీన క్విజ్' అని మెచ్చుకోవడమో, క్విజ్‌ను 'దిగజారిన అవధానం' అని ఈసడించుకోవడమో మిగులుతుంది. సాహిత్య సభలలో ఈ రెండు మాటలూ వినిపిస్తూనే ఉంటాయి. రెండూ నిజానికి దూరమే. ఈ రెండు విద్యలలో ప్రశ్న స్వభావం వేరు, ప్రశ్న అడిగేవాడి అధికారం వేరు. అన్నింటికన్నా ముఖ్యంగా గెలుపును ఎవరు నిర్ణయిస్తారన్న విషయంలో అవి పూర్తిగా భిన్నమైన దారులు పట్టాయి.

అవధాన సభలో ప్రశ్న

నూరుగురు లేఖకులకు ఏకకాలంలో పద్యాలు చెప్పగల శక్తి గురించిన ప్రస్తావన 16వ శతాబ్ది కవి చరిగొండ ధర్మన నాటికే ఉన్నా, అవధానం ఒక నిర్దిష్ట ప్రదర్శన రూపంగా స్థిరపడింది 19వ శతాబ్దిలోనే. ఆ స్థిరీకరణలో కృష్ణా డెల్టా అంచున ఉన్న నూజివీడు సంస్థానానికి భాగముంది. అక్కడి మాడభూషి వేంకటాచార్యులు ఆధునిక అవధానానికి ఆద్యులలో ఒకరుగా గణనకెక్కారు. తరువాతి తరంలో దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) ఆ విద్యను సంస్థానాల గడప దాటించి పట్టణాల సభామందిరాలకు తెచ్చారు. కృష్ణా జిల్లాకే చెందిన అవధాని రాళ్లబండి కవితాప్రసాద్ (1961–2015) 'అవధాన విద్య: ఆరంభ వికాసాలు' అన్న పరిశోధనలో ఈ పరిణామాన్ని సమగ్రంగా చర్చించారు గనుక ఆ చరిత్రను ఇక్కడ మళ్లీ చెప్పనక్కరలేదు. ఈ చర్చకు కావలసింది అవధానంలో ప్రశ్న ఎలా పనిచేస్తుందన్న ఒక్క విషయమే.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు. నిషేధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, వ్యస్తాక్షరి, పురాణపఠనం, ఘంటాగణనం, అప్రస్తుతప్రసంగం వంటి అంశాలు వేదికను బట్టి కొంత మారుతుంటాయి. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున చెబుతూ నాలుగు ఆవృత్తాలలో పద్యాలు పూర్తిచేస్తాడు. చివర ధారణ, అంటే చెప్పిన పద్యాలన్నింటినీ వరుసగా తిరిగి అప్పగించడం. నడుమ ఎవరో గంట కొడుతుంటారు. ఎన్ని గంటలు కొట్టారో లెక్క చెప్పాలి. పక్కనుంచి ఇంకొకరు వంకాయకూర గురించో వియ్యాలవారి గురించో అడిగి ఏకాగ్రత చెదరగొడుతుంటారు; వారికీ చమత్కారంగా జవాబివ్వాలి.

వీటిలో నిజమైన ద్వంద్వయుద్ధం నిషేధాక్షరిది. అవధాని ఒక అక్షరం చెప్పగానే, ఆ తరువాత ఏ అక్షరం వస్తుందో పృచ్ఛకుడు ఊహించి దానిని నిషేధిస్తాడు. అవధాని 'శ్రీ' అన్నాడనుకుందాం. 'శ్రీరామ' అనబోతున్నాడని తలచి పృచ్ఛకుడు రేఫను నిషేధిస్తాడు. అవధాని 'శై' అంటాడు. ఇది శ్రీశైలమే అని 'ల'ను మూసివేస్తే, అవధాని 'వా' అని 'శ్రీశైవాగమ' అన్న దారి పడతాడు. శార్దూలం నడకకు సరిగ్గా సరిపోయింది. ఇక్కడ గమనించవలసిన విషయం, పృచ్ఛకుడికి అవధానితో సమానమైన పాండిత్యం లేకపోతే ఆట రక్తికట్టదు. నిఘంటువు, ఛందస్సు, సమాసాల పోకడ అతనికీ కరతలామలకంగా ఉండాలి. ప్రశ్నించేవాడు కూడా పరీక్షకు గురయ్యే ప్రక్రియ ఇది. టెలివిజన్ వేదిక మీద ప్రశ్న చదివే తారకు ఈ పరీక్ష లేదు. ప్రశ్నను తయారుచేసినవారు తెర వెనుక ఉంటారు. సమాధానం యంత్రంలో ఉంటుంది.

సమస్య సంగతి ఇంకా ఆసక్తికరం. సమస్యలో ఇచ్చే పాదం కావాలనే అసంగతంగానో, అసభ్యంగానో, అసత్యంగానో ఉంటుంది. అవధాని పని దానిని ఎంచుకోవడమో తోసిపుచ్చడమో కాదు. ముందు మూడు పాదాలు కల్పించి ఆ అసత్యం సత్యమయ్యే సందర్భాన్ని సృష్టించడం. పదాన్ని విరిచి, క్రమాలంకారం పెట్టి, ఒకరి నోట పలికించి, ఏదో ఒక దారిన పరిష్కరించాలి. ఒకే సమస్యకు పదిమంది పది పూరణలు చేస్తే పదీ సరైనవే కావచ్చు. టెలివిజన్ ప్రశ్న దీనికి తలక్రిందులైనది. అక్కడ నాలుగు సమాధానాలలో మూడు అసత్యాలు. వాటిని ఏరివేయడమే పని. రెండో సరైన సమాధానం ఉన్నట్లు తేలితే అది ప్రశ్నలోని దోషం అవుతుంది. సమస్యలో రెండో పరిష్కారం ఆ సమస్య ఇచ్చినవాడికే గౌరవం.

గుంటూరు వివాదం: మధ్యవర్తి లేని పోటీ

మరి గెలుపెవరిది? అవధాన సంప్రదాయంలో ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఎన్నడూ లేదు. సాధారణ సభలో ఆ అవసరమూ పడదు. అవధాని పూరించాడా, ధారణ చేశాడా అన్నది సభ చూస్తుంది, కరతాళధ్వనులతో తీర్పు చెబుతుంది. కాని ఇద్దరు సమఉజ్జీలు తలపడినప్పుడు ఈ ఏర్పాటు చాలదు. 1911 ప్రాంతంలో గుంటూరులో తిరుపతి వేంకటకవులకూ కొప్పరపు సోదరకవులకూ నడుమ రగిలిన వివాదం ఇందుకు మంచి ఉదాహరణ.

నరసరావుపేట ప్రాంతపు కొప్పరానికి చెందిన వేంకటసుబ్బరాయ కవి (1885–1932), వేంకటరమణ కవి (1887–1942) ఆశుధారలో అసాధారణులు. గంటకు వందల పద్యాలు చెప్పగలరన్న ఖ్యాతి వారిది. తిరుపతి వేంకటకవులు వయసులోనూ అనుభవంలోనూ పెద్దలు. అప్పటికి రెండు దశాబ్దాలుగా సంస్థానాలు తిరిగి సత్కారాలు అందుకున్నవారు. మీసం తమ కవితా ప్రతిజ్ఞకు గుర్తని సభాముఖంగా చెప్పుకున్నవారు. పైకి ఇది ఎవరు గొప్ప అన్న తగవే. లోతుగా చూస్తే కొలమానం ఏదన్న తగవు. వేగమా, పద్యం నిలుకడా? చెప్పిన క్షణంలో సభను ముంచెత్తడమా, మరునాడు కాగితం మీద చదివినా నిలవడమా? ఒక పక్షం బలం ఒక కొలతలో ఉంది, రెండో పక్షం బలం ఇంకొక కొలతలో ఉంది. ఏ కొలత పెట్టాలో ఒప్పుకోకుండా పందెం కుదరదు. ఒప్పుకుంటే పందెం ముందే తేలిపోయినట్లు. మధ్యస్థులుగా ఎవరుండాలన్నదానిపైనా అదే చిక్కు. పండితులంతా ఏదో ఒక పక్షానికి అభిమానులే.

ఫలితంగా వేదిక మీద తేలవలసిన పోటీ అచ్చుకెక్కింది. పత్రికలలో లేఖలు, కరపత్రాలు, పద్యాల రూపంలో ఎత్తిపొడుపులు, పుస్తకాలు వెలువడ్డాయి. తిరుపతి వేంకటకవుల 'గుంటూరు సీమ' ఈ వివాదపు ఫలమే. పిఠాపురం ఆస్థానపు వేంకటరామకృష్ణ కవులతో నడిచిన మరో వివాదం 'గీరతము'ను పుట్టించింది. విజయం ఎవరిదన్న దానిపై ఆయా పక్షాల శిష్యులు, అభిమానులు ఎవరి కథనం వారు చెప్పుకున్నారు, ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. దీనిని వ్యర్థ కలహంగా కొట్టిపారేసిన విమర్శకులు లేకపోలేదు. ఆ వ్యక్తిగత నిందల భాగం వరకు వారి మాట సమంజసమే. కాని తేలని పోటీ వల్ల ఒక మేలు జరిగింది. ఆశుకవిత్వానికి కొలమానం ఏదన్న చర్చ పండితుల ఇళ్ల అరుగులను దాటి మామూలు పాఠకులదాకా వచ్చింది. తీర్పు చెప్పేవాడు ఉండి ఉంటే ఆ చర్చ ఒక్క సాయంత్రంతో ముగిసిపోయేది.

బందరు బడి నుండి బెజవాడ రేడియోకు

వేంకటశాస్త్రి బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా చేసిన ఉద్యోగం సాహిత్య చరిత్రలో పలుమార్లు ప్రస్తావనకు వచ్చింది. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు వంటి వారు ఆయన శిష్యులు. పింగళి కాటూరి కవులు కొంతకాలం తామూ జంటగా అవధానాలు చేశారు. అయితే ఆ శిష్యకోటి చివరికి నిలిచింది కావ్యంలో, నవలలో, విమర్శలో. గురువు వద్ద వారు నేర్చింది పద్యాన్ని నోటికి తెచ్చుకునే ఒడుపు కావచ్చు. దానిని సభలో ప్రదర్శించడం మాత్రం వారి ప్రధాన వ్యాసంగం కాలేదు.

1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రారంభమైంది. లక్ష్మీకాంతం తరువాత ఆ కేంద్రంలో పనిచేశారు. రేడియో రాకతో పృచ్ఛకుడి స్థానం మారిపోయింది. సమస్య ఇచ్చేది కేంద్రం; పూరించేది ఊళ్లలో ఉన్న శ్రోతలు, పోస్టుకార్డు మీద. అవధానంలో ఒకడు పూరిస్తే వందమంది వింటారు; రేడియోలో వందమంది పూరిస్తే ఒకరు ఎంచి చదువుతారు. ధారణ అవసరం లేదు, కాలనియమం సడలింది, నిఘంటువు చూసుకునే వీలుంది. శుద్ధ అవధాన దృష్టితో ఇది పలుచన కావడమే. ఇంకో దృష్టితో, వేదిక ఎక్కే అవకాశం ఎన్నడూ రాని బడిపంతులుకు, కరణానికి, గృహిణికి పద్యం చెప్పే చోటు దొరికింది.

ఇదే కేంద్రం నుండి ఉషశ్రీ (1928–1990) నిర్వహించిన 'ధర్మసందేహాలు' ప్రశ్నోత్తర సంప్రదాయానికి ఇంకొక మలుపు. శ్రోతలు అడిగేవారు, ఆయన చెప్పేవారు. ఇక్కడ పరీక్ష లేదు, పందెం లేదు. రామాయణ భారతాలలో ఒక పాత్ర ఇలా ఎందుకు చేసిందని ఒక గ్రామీణ శ్రోత ఉత్తరం రాస్తే, ఆ ప్రశ్నను లక్షలాది మంది విన్నారు. తనకు తెలియనిది తెలుసుకోవడానికి అడగడం, ఎదుటివాడికి తెలుసో లేదో తేల్చుకోవడానికి అడగడం అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటి దానికి ఇంత ప్రజాదరణ లభించిన సందర్భాలు తెలుగు ప్రసార చరిత్రలో అరుదు.

క్విజ్ అనబడే పోటీ మాత్రం వేరే దారిన వచ్చింది. 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ నిర్వహించిన పోటీ మన దేశంలో తొలి బహిరంగ క్విజ్‌గా పేరుపొందింది. 1985లో సిద్ధార్థ బసు 'క్విజ్ టైమ్' దూరదర్శన్‌లో వచ్చింది. 1998లో బ్రిటన్‌లో మొదలైన 'హూ వాంట్స్ టు బీ ఎ మిలియనేర్' 2000 జూలైలో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' అయింది. తెలుగులో నాగార్జున, చిరంజీవి, తరువాత చిన్న ఎన్టీఆర్ నిర్వాహకులయ్యారు. వీరిలో ఇద్దరి కుటుంబ మూలాలు గుడివాడ, నిమ్మకూరు ప్రాంతాలవే. ఇంకొక సంగతి: నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారక రామారావు విజయవాడ ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణకు విద్యార్థి. 'రాచమల్లు దౌత్యం' నాటకంలో నాగమ్మ వేషానికి గురువు ఎంపిక చేస్తే, మీసం తీయనని పట్టుబట్టి మీసంతోనే ఆ వేషం వేశాడన్నది ప్రసిద్ధమైన కథ. చెళ్లపిళ్ల ప్రశిష్యుడి మనుమడు 2021లో ప్రశ్నలు అడిగే కుర్చీలో కూర్చున్నాడు. ఇందులో వారసత్వాన్ని వెతకడం అతి అవుతుంది. డెల్టాలో విద్యా, వినోదమూ ఎంత దగ్గరగా పెనవేసుకున్నాయో చెప్పడానికి మాత్రం పనికివస్తుంది.

ఈ పోటీకి తెలుగునాట నేల సిద్ధంగా ఉండడానికి అసలు కారణం అవధానం కాదు, పోటీపరీక్ష. విజయవాడ శిక్షణ సంస్థల పట్టణంగా పేరు తెచ్చుకున్నది నాలుగు సమాధానాల ప్రశ్నాపత్రం మీదనే. సమాధానాన్ని 'గుర్తించడం' అక్కడ విద్యకు పర్యాయపదమైంది. ఫజల్ అలీ ప్రశ్న కూడా ఉద్యోగ పరీక్షల పుస్తకాలలో తరచు కనిపించేదే. పోలీసు ఉద్యోగి ఒకడు ఆ ప్రశ్న దగ్గర గెలవడం కాకతాళీయం కాదు. అతని వద్ద ఉన్నది ఛందోవిద్య కాదు. రాజ్యం తన ఉద్యోగులనుండి కోరే జ్ఞానం. అవధాన వేదిక ప్రధానంగా సంస్కృతాంధ్రాలు గురుముఖంగా చదువుకున్న పురుష పండితులది. టెలివిజన్ కుర్చీ గడప అంతకన్నా తక్కువ ఎత్తు. ఈ తేడాను దాచిపెట్టి అవధాన గౌరవాన్ని మాత్రమే స్మరించడం చరిత్ర రచన కాదు.

ఒక పేరులో దాగిన సమస్య

అయినా ఆ కోటి రూపాయల ప్రశ్న వద్ద ఇంకొంచెం ఆగాలి. ఆ సమాధానం ఒక పేరు. ఆ పేరు వెనుక ఉన్నది మాత్రం తెగని తగవు. 1914లో బెజవాడలో రెండవ ఆంధ్ర మహాసభ జరిగిన నాటినుండి ఈ పట్టణం భాషారాష్ట్ర చర్చకు కేంద్రం. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని విజయవాడకు రాలేదు, కర్నూలుకు వెళ్లింది. కమ్యూనిస్టుల దినపత్రిక 1952లో విజయవాడ నుండి వెలువడింది. దాని పేరే 'విశాలాంధ్ర'. 1953 డిసెంబరులో నియమితమైన కమిషన్‌లో ఫజల్ అలీతో పాటు హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ సభ్యులు. 1955 సెప్టెంబరులో ఇచ్చిన నివేదికలో వారు విశాలాంధ్ర వల్ల కలిగే ప్రయోజనాలను అంగీకరిస్తూనే, తెలంగాణ ప్రాంతాన్ని అప్పటికి హైదరాబాదు రాష్ట్రంగా వేరుగా ఉంచాలని, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల ఆధిక్యంతో కోరుకుంటే కలపవచ్చునని సూచించారు. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంతో ఆ గడువు లేకుండానే, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.

కమిషన్ ఒకటి చెప్పింది, చట్టం ఇంకొకటి చేసింది. 'చట్టానికి దారితీసిన కమిషన్' అన్న ప్రశ్నవాక్యం దేశం మొత్తానికి సరిపోతుంది, తెలుగువారి విషయంలో సగమే సరిపోతుంది. 1969లో తెలంగాణ ఉద్యమం తొలిగా రగిలింది పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రం వద్ద, అంటే ఆ విజేత సొంత ప్రాంతమైన కొత్తగూడెం పొరుగున. 1972–73లో జై ఆంధ్ర ఉద్యమానికి విజయవాడ కేంద్రమైంది. 2014 జూన్ 2న రెండు రాష్ట్రాలు ఏర్పడ్డాయి. ఆ తరువాత కృష్ణా తీరాన అమరావతికి 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. కోటి గెలిచిన సమాధానం కొత్తగూడెంలో ఒక అర్థంతో, బెజవాడలో ఇంకొక అర్థంతో వినిపించి ఉండాలి.

అవధాన పరిభాషలో చెప్పాలంటే ఇది సమస్యాపాదం. కమిషన్ వద్దన్నదాన్ని కమిషన్ పేరుతో వచ్చిన చట్టమే చేసిందన్న వైరుధ్యానికి ముందు మూడు పాదాలు కల్పించుకోక తప్పదు. ఒక ప్రాంతం చేసే పూరణ ఇంకొక ప్రాంతానికి నచ్చకపోవచ్చు. టెలివిజన్ వేదిక ఆ మూడు పాదాలను అడగదు. దానికి పేరు చాలు. తెర మీద సరైన గడి వెలుగుతుంది, కాగితపు ముక్కలు పైనుండి రాలుతాయి. గుంటూరులో దొరకని మధ్యవర్తి అక్కడ కంప్యూటరు రూపంలో సిద్ధంగా ఉన్నాడు. ఆ ఎపిసోడ్‌లో నిర్వాహకుడు ఆ పేరు సరైనదని ప్రకటించిన తరువాత కమిషన్ ఏమి సిఫారసు చేసిందన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ ఆటలో పదహారో ప్రశ్న ఉండదు.